ఇచ్చే కుంచం, పుచ్చుకునే కుంచం

తెలుగు భాషలో "ఎడు" అనే ప్రత్యయం ఒకటి ఉన్నది. చిటికెడు ఉప్పు, పిడికెడు మెతుకులు, చారెడు పప్పు, దోసెడు గింజలు, సోలెడు బియ్యం, మానెడు జొన్నలు, కుంచెడు వడ్లు - చివరకు దుఃఖాన్ని గూడా మన జనం పుట్టెడనే చెప్పుకున్నారు. ఇవన్నీ నింపి చూసే మాటలు. తూచి చూసే మాటలు కావు. వీశెడు బెల్లమన్న మాట లేకపోలేదు గాని, ఆ వరుసలో అది ఒంటరిది. చేయి, వేళ్లు, దోసిలి, వాటి తరువాత చెక్కతోనో ఇనుముతోనో చేసిన పాత్ర - ఇవే మన పల్లెజనానికి కొలమానాలు. తక్కెడ కోమటి కొట్లో ఉండేది. కంసాలి దగ్గర ఉండేది. వంటింట్లో మాత్రం ఉండేది కాదు.

ఇది వెనుకబాటుతనమని తీసివేయటం తేలిక. కాని ఈ కొలతల వరుస చూడండి. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. ఇరవై తూములు ఒక పుట్టి. (చెరువుకు నీళ్లు వదిలే తూమూ, గింజలు కొలిచే తూమూ ఒకే మాట కావటం గమనించదగినది, రెండింటి దగ్గరా తగాదాలకు కొదవ లేదు.) తూము దాకా అంతా రెండింతలు, రెండింతలుగా నడిచే లెక్క. అక్షరం రాని మనిషి గూడా సగం చేసుకుంటూ పోయి గిద్దె దాకా దిగగలదు, రెట్టిస్తూ పోయి తూము దాకా ఎక్కగలదు. వంటకు ఇంతకంటె అవసరం లేదు. ఇడ్లీకి ఒక పాలు మినపప్పుకు రెండు పాళ్లు రవ్వ అన్నప్పుడు, ఆ పాలు సోలైనా గ్లాసైనా పాత చెంబైనా ఫలితం ఒక్కటే. వంటింటి శాస్త్రం నిష్పత్తుల శాస్త్రం. రెండు వస్తువులనూ ఒకే పాత్రతో కొలిచినంతకాలం అందులో మోసానికి చోటు లేదు.

చిక్కంతా కొలత ఇంటి గడప దాటినప్పుడు వస్తుంది. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాకు చెందినవి. ఇక్కడి బజారులో వాడిన లెక్క వేరు - తులం, చటాకు, నవటాకు, పావుసేరు, అచ్చేరు, సేరు, మణుగు, పల్లా. అయిదు తులాలు చటాకు, పదహారు చటాకులు సేరు, నలభై సేర్లు మణుగు, మూడు మణుగులు పల్లా. ఇది తూకపు లెక్క. కాని జనం నోట సేరు అన్న మాటకు రెండర్థాలు. కాంటా మీద పెట్టే ఇనుపగుండూ సేరే, గింజలు పోసే ఇనుపపాత్రా సేరే. కాంటా మీది సేరంటే 80 తులాలు, నేటి లెక్కలో 933 గ్రాములు. మరి పాత్ర సేరు ఎంత? ఏ గింజ పోస్తే 80 తులాలు తూగాలి?

అసలు ప్రశ్న ఇదే. లీటరు పట్టే పాత్రలో బియ్యం పోస్తే సుమారు 820 గ్రాములు తూగుతాయి. కందిపప్పు గూడా ఇంచుమించు అంతే. జొన్నలు 750, వడ్లు 570 ప్రాంతంలో ఉంటాయి. వదులుగా పోసిన బియ్యప్పిండి 600 చిల్లర. దాన్నే నాలుగుసార్లు తట్టి అదిమితే మరి 100 గ్రాములకు పైగా ఇముడుతుంది. కారప్పొడి సగం కిలోకు అటూయిటూ. ఉప్పు మాత్రం కిలో దాటిపోతుంది. గింజ ఆకారాన్ని బట్టి, తేమను బట్టి, పొట్టును బట్టి, పోసిన ఎత్తును బట్టి ఈ అంకెలు కొంత మారుతాయి. కనుక "సేరు పాత్రలో సేరు తూకం" అన్నది ఏదో ఒక సరుకు విషయంలోనే నిజం, మిగిలిన అన్నింటి విషయంలో అబద్ధం. ఈ ఇబ్బంది మన పెద్దలు ఎరగనిది కాదు. దక్షిణదేశంలో తొమ్మిది రకాల గింజలు సమపాళ్లలో కలిపి, ఆ మిశ్రమపు తూకాన్ని బట్టి కొలపాత్రను నిర్ణయించే పద్ధతి ఒకటుండేదని 19వ శతాబ్దంలో ఇంగ్లీషువారు తయారు చేసిన పట్టికలు చెబుతున్నవి. తెలివైన ఏర్పాటే. అయితే ఆ మిశ్రమం పోసి సరిచూసే అధికారం ఎవరిది అన్న దానికి ఆ పట్టికల్లో జవాబు దొరకదు.

వడ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. రోకటిపోటు ఎరిగిన ప్రతి ఆడమనిషికీ తెలిసిన లెక్క ఒకటున్నది: రెండు మానికల వడ్లు దంచితే మానిక బియ్యం. అంటే కొలతలో సగం. అదే తక్కెడలో పెట్టి చూస్తే మూడింట రెండు పాళ్లు బియ్యం తేలుతుంది. రెండూ నిజాలే. వడ్లకు పొట్టు ఉన్నది. పొట్టుకు బరువు తక్కువ, అది ఆక్రమించే చోటు ఎక్కువ. కొలతలో పోయినంత తూకంలో పోదు. ఇప్పుడొక అప్పు ఊహించండి. వడ్లు కొలిచి ఇచ్చి బియ్యం కొలిచి పుచ్చుకుంటే సగమే న్యాయం. తూకపు లెక్కను అడ్డం పెట్టుకొని మూడింట రెండు పాళ్లు కొలిచి పుచ్చుకుంటే, ఆరు మానికల వడ్లకు మూడు మానికల బియ్యం రావలసిన చోట నాలుగు మానికలు వస్తాయి. వడ్డీ అన్న మాట నోట రాకుండానే మూడో వంతు వడ్డీ వచ్చిపడ్డది. పలక పట్టినవాడు ఈ లెక్క చేయగలడు. రోకలి పట్టిన మనిషికి అన్యాయం తెలుస్తూనే ఉంటుంది, కాని ఆమె మాట లెక్కలో చేరదు.

కూలి విషయంలో గూడా ఇంతే. నాగార్జునసాగరు నీళ్లు రాకముందు ఈ తాలూకాలు చాలావరకు మెట్టసీమ. తినేది జొన్న గట్క, జొన్నరొట్టె. చెరువు కింద, మూసీ పక్కన మాత్రమే వరి. వ్యవసాయకూలీకి గింజలే కూలి, పాత్రతో కొలిచేవారు. రెండు లీటర్లు పట్టే పాత్రతో జొన్నలు కొలిస్తే కిలోన్నర తూగుతాయి. జొన్న అంతా తినదగిన గింజే. అదే పాత్రతో వడ్లు కొలిస్తే కిలో చిల్లర. దంచుకుంటే ముప్పాతిక కిలో బియ్యం. పాత్ర మారలేదు, కొలత మారలేదు, కూలి రేటు మారలేదు, ఇంట్లో పొయ్యి మీదికెక్కే తిండి మాత్రం సగమైంది. పైగా దంపుడు శ్రమ అదనం. ఏ గింజతో కూలి ఇస్తారన్నది ఎంత కూలి ఇస్తారన్నంత పెద్ద ప్రశ్న. కూలి పోరాటాల చరిత్ర రాసేవారు కుంచాల సంఖ్య చెప్పి ఊరుకుంటే చాలదు. కుంచంలో ఏముందో గూడా చెప్పాలి.

ఇక పాత్ర సంగతి. కల్లంలో గింజలు కొలిచేటప్పుడు "ఒకటి" అనరు, "లాభం" అంటారు. తరువాత రెండు, మూడు. ఆ లాభం ఎవరికన్నది కొలిచే చేతిని బట్టి ఉంటుంది. నింపే పద్ధతులు రెండు. పాత్ర అంచు వెంట కర్రతో తుడిచి తలగొట్టి కొలవటం ఒకటి. గింజ జారిపోయేదాకా గోపురంలా పోయటం రెండవది. ఆ గోపురం చూడటానికి చిన్నదే. లెక్క వేస్తే చిన్నది కాదు. ఎత్తు, వెడల్పు సమానంగా ఉన్న పాత్ర మీద నిలిచే గోపురం పాత్రలో తొమ్మిదో వంతు ఉంటుంది. వెడల్పులో సగమే ఎత్తున్న పాత్ర అయితే దాదాపు నాలుగో వంతు. అంటే లోపల పట్టే పరిమాణం ఒక్కటే అయినా, మూతి వెడల్పు చేయించుకున్నవాడికి గోపురం పెరుగుతుంది. పాత్ర మీద సర్కారు ముద్ర ఉన్నా ఈ మోసం ముద్రకు చిక్కదు. నాగు అప్పుల్లో ఇది పూర్తిగా ఫలించేది. విత్తనాల కాలంలో రైతు తీసుకున్న గింజలకు పంటకాలంలో సగం అదనంగా చేర్చి తిరిగి కొలవటం నాగు. వినటానికి సగం వడ్డీ. ఇచ్చేటప్పుడు తలగొట్టి, పుచ్చుకునేటప్పుడు గోపురం పోయించుకుంటే, పది కుంచాలకు తిరిగి వచ్చేవి పేరుకు పదిహేను, నిజానికి పదహారున్నర మొదలు పద్దెనిమిది దాకా. ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు అని జనం అనుకున్నారంటే రెండు పాత్రలు విడివిడిగా ఉన్నాయనే అర్థం కానక్కరలేదు. ఒక్క పాత్రే రెండు పనులు చేయగలదు.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. భూస్వామ్యం రాజ్యమేలిన ప్రతి దేశంలోనూ తలగొట్టిన కొలత, పొంగపోసిన కొలత అన్న భేదం కనిపిస్తుంది. పోలండు చరిత్రకారుడు విటోల్డ్ కూలా 1970లో ప్రచురించిన గ్రంథం ఈ విషయాన్ని కూలంకషంగా చర్చించింది. 1789లో ఫ్రాన్సు ప్రజలు తమ కష్టాలు రాసి పంపిన విన్నపపత్రాల్లో దేశమంతటా ఒకే కొలత ఉండాలన్న కోరిక ఊరూరా వినిపించింది. కొలపాత్ర దొరగారి గడీలో ఉండటమే వారి కష్టం గూడా. 1795లో ఫ్రెంచి విప్లవప్రభుత్వం మెట్రిక్ పద్ధతిని చట్టం చేసినప్పుడు దాని వెనుక శాస్త్రజ్ఞుల ఆలోచన ఎంత ఉన్నదో, రైతుల కోపం అంత ఉన్నది. కిలోగ్రాము పుట్టుకలో ఈ రెండో భాగాన్ని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

కోదాడ వైపుకు వస్తే కథ మరొక మలుపు తిరుగుతుంది. కోదాడ పక్కనే మునగాల పరగణా ఉన్నది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఈ పరగణా ఒక్కటీ ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకు చెందినది. కొమర్రాజు లక్ష్మణరావు గారు దివానుగా పనిచేసిన మునగాల ఇదే. మునగాల జమీందారు మీద రైతులు సాగించిన పోరాటమూ చరిత్రకెక్కినదే. 1959లో గాని ఈ పరగణా నల్లగొండ జిల్లాలో చేరలేదు. అంటే కోదాడ రైతు నాలుగు కోసులు నడిస్తే రాజ్యం మారుతుంది, రూపాయి మారుతుంది, మణుగు మారుతుంది. నిజాం హాలీ రూపాయలు 7 ఇస్తే ఇంగ్లీషు కల్దారు రూపాయలు 6. ఇది అందరికీ తెలిసిన మారకం. తూకాల మారకం ఇంతకంటె విచిత్రమైనది. మద్రాసు లెక్కలో మూడు తులాలు పలం, ఎనిమిది పలాలు సేరు, అయిదు సేర్లు వీశ, ఎనిమిది వీశలు మణుగు. అంటే సేరు 24 తులాలు, నేటి 280 గ్రాములు. ఇవతల సేరు 933 గ్రాములు. అవతల మణుగు 11 కిలోల చిల్లర. ఇవతల మణుగు 37 కిలోల పైన. పేరొక్కటే, బరువు మూడింతలకు మించిన తేడా. 1939లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వం 80 తులాల సేరును ప్రమాణంగా చేస్తూ చట్టం చేసింది గాని, మద్రాసు లెక్క అలవాటులో ఉన్న బజార్లలో వీశ, పలం అంత తేలికగా పోలేదు. సరిహద్దులో బేరం చేసే వర్తకుడికి రెండు లెక్కలూ కంఠస్థం. బండి తోలుకొచ్చిన రైతుకు ఒక్కటే వచ్చు. ఆ రెంటి మధ్య అంతరమే వర్తకుడి పెట్టుబడి.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం విధించిన లెవీ గల్లాతో ఈ తాలూకాల్లో గింజకూ కొలతకూ ఉన్న సంబంధం రాజకీయమైపోయింది. పండినా పండకపోయినా ఎకరాకు ఇంత అని చిన్నరైతు దగ్గర ముక్కుపిండి వసూలు చేశారు. వేల ఎకరాల దొరల పాతర్లు నిండుగానే ఉండి, గింజ నల్లబజారుకు పోయింది. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దేశముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి భూమి ఒక్కటే లక్షా 50 వేల ఎకరాలని పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో ప్రచురించిన గ్రంథంలో రాశారు. ఆంధ్రమహాసభ 1944 భువనగిరి సమావేశం తరువాత అణా సభ్యత్వంతో పల్లెలకు వ్యాపించినప్పుడు వెట్టి, భూమి, లెవీ, నాగు అన్నవి విడివిడి సమస్యలుగా లేవు. 1946 తరువాత ఈ ప్రాంతంలో సంఘం నిలిచిన ఊళ్లలో దొరల పాతర్లు తెరిచి గింజలు పంచినారు, అప్పుపత్రాలు తగలబెట్టినారు. పత్రం కాలిపోతుంది గనుక చరిత్రలో నిలిచింది. ఆ పంపకంలో కొలపాత్ర చేతులు మారిందన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు. తరతరాలుగా గడీ గుమ్మంలో తలవంచి దోసిలి పట్టినవారు ఆ కొద్దికాలం తామే కొలిచి తామే పుచ్చుకున్నారు.

స్వతంత్ర భారతప్రభుత్వం 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు, 1958 అక్టోబరు 1న ఎంపికచేసిన ప్రాంతాల్లో మెట్రిక్ తూనికలు వచ్చాయి. 1960ల తొలినాళ్లకు దేశమంతటా అవే చట్టబద్ధం. ఇది నిస్సందేహంగా అభ్యుదయకరమైన సంస్కరణ. కోదాడ సేరుకూ జగ్గయ్యపేట సేరుకూ ఉన్న తగువు ఒక్క దెబ్బతో తీరిపోయింది. జనం గూడా మనం అనుకున్నంత తటపటాయించలేదు. పావుసేరు పోయి పావుకిలో వచ్చింది. పావు అన్న మాట అలాగే ఉండిపోయింది, సరుకు 233 గ్రాముల నుంచి 250కి పెరిగింది. ధర ఎంత పెరిగిందన్నది వేరే లెక్క.

అదే దశకంలో ఇక్కడ మరొక మార్పు జరిగింది. 1963కు మూసీ ప్రాజెక్టు పూర్తయింది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్టలు మాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపుమిల్లుల పట్నంగా పెరిగింది. అంటే పదేళ్ల లోపల ఈ ప్రాంతపు ఇల్లాలికి కొలతా మారింది, గింజా మారింది. మానికతో జొన్నలు కొలిచి గట్క కాచిన చేయి, కిలోల లెక్కన తెచ్చిన బియ్యాన్ని గ్లాసుతో కొలిచి అన్నం వండటం నేర్చుకోవలసి వచ్చింది. మానిక జొన్నరవ్వకు ఎన్ని నీళ్లు, గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు, దంపుడు బియ్యానికెంత, మిల్లుబియ్యానికెంత, పాతవాటికెంత, కొత్తవాటికెంత - ఈ శాస్త్రమంతా ఏ ప్రభుత్వ కరపత్రమూ నేర్పలేదు. పొయ్యి దగ్గర అడుగంటిన గిన్నెలతో, చిమడని మెతుకులతో నేర్చుకున్నదే. స్టీలు గ్లాసు, రేకు డబ్బా, ఆ తరువాత కరెంటు కుక్కరుతో వచ్చే కప్పు - ఒక్కొక్కటీ కొత్త మానిక. చేబదులు మాత్రం పాత పద్ధతినే నడిచింది. పక్కింటినుంచి ఏ గ్లాసుతో పంచదార తెచ్చుకుంటే ఆ గ్లాసుతోనే తిరిగి ఇవ్వటం, అదీ తలగొట్టి తెచ్చుకున్నా కాస్త పొంగ పోసి ఇవ్వటం. దొరల గడీలో బలవంతాన పోయించుకున్న గోపురమే ఇక్కడ మర్యాద అయింది.

కాని సంస్కరణ తక్కెడను బాగుచేసింది, తక్కెడ పట్టుకున్న చేతిని మార్చలేదు. సూర్యాపేట మార్కెట్టు యార్డుకు పోయి చూడండి. కిలో ఇక్కడైనా ప్యారిస్‌లోనైనా ఒక్కటే. దడువాయి చేతిలో ఎలక్ట్రానిక్ కాంటా ఉన్నది. అయినా వడ్లలో తేమ 17 శాతం మించిందనీ, తాలు ఉన్నదనీ, బస్తాకు ఇంత తరుగు తీయాలనీ తగువు ప్రతి సీజనులోనూ రోడ్డెక్కుతూనే ఉన్నది. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం వస్తుందని లెక్క. ఉప్పుడు బియ్యమైతే 68. రోకటిబండ దగ్గర ఆడవాళ్లు చెప్పిన మూడింట రెండు పాళ్లే ఇది, కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. అయితే ఎండాకాలపు పంటలో నూక ఎంత పోతుంది, ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్న చోట పాత గోపురం కొత్త పేరుతో తరుగై నిలుచున్నది.

2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో రేషను సన్నబియ్యం పంపిణీ ప్రారంభమైంది. మనిషికి నెలకు 6 కిలోలు. దీన్ని వంటింటి భాషలోకి మార్చి చూద్దాం. 200 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 165 గ్రాముల బియ్యం పడుతుంది. 6 కిలోలంటే 36 గ్లాసులు. ముప్పయి రోజులకు రోజుకు గ్లాసు, పైన ఆరు గ్లాసులు మిగులు. పొద్దంతా నాట్లు వేసి వచ్చిన మనిషికి రెండు పూటలకు ఒక గ్లాసు బియ్యం చాలునా అన్నది కిలోల్లో వింటే తోచదు, గ్లాసుల్లో వింటే వెంటనే తోస్తుంది.

బడి వంటశాలలో గూడా ఇదే సంగతి. మధ్యాహ్నభోజన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. పై తరగతులకు 150, 30. కాగితం మీద గ్రాములు, వంటమనిషి చేతిలో డబ్బా. గ్లాసు కందిపప్పు ఎనిమిదిమంది చిన్నపిల్లలకని, నలభైమంది వచ్చిననాడు అయిదు గ్లాసులు పోయాలని ఆమె రోజూ పొద్దున్నే హాజరుపట్టీ చూసి లెక్క కట్టుకుంటుంది. పప్పు సంచీ తెరిచినప్పుడు తూకం తక్కువగా వచ్చిన సంగతి ఆ గ్లాసు దగ్గరే ముందు తెలుస్తుంది. స్టాకు రిజిస్టరులో మాత్రం సంచీ మీద అచ్చువేసిన కిలోలే ఎక్కుతాయి.